మగ్దలీనమ్మ చూసిన కాన్పు

బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టిన పిల్లల్లో సగానికి సగం మంది ఈ లోకంలో మొట్టమొదట చూసిన మొహం మగ్దలీనమ్మది. నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో కాన్పుల పని నేర్చుకుని, లోకో షెడ్డు ఫిట్టరు క్రీస్తుదాసును పెళ్ళాడి, పందొమ్మిది వందల ముప్పైలో ఆమె ఆ ఊరు వచ్చింది. అప్పట్నించి కాలనీకీ, బోగోలుకూ, తూర్పున సముద్రం దాకా ఉన్న పల్లెలకూ ఆమే దిక్కు. జట్కా పంపితే జట్కాలో, ఎడ్లబండి పంపితే బండిలో, ఏదీ రాకపోతే నడిచి వెళ్ళేది. పొట్టి మనిషి, గట్టి మనిషి. మాట కరుకు. నొప్పులు పడే పిల్ల పక్కన కూర్చుని శోకాలు పెట్టే ఆడవాళ్ళను రెక్క పట్టుకుని బయటికి పంపేసేది. బిడ్డ బయటపడితే మురిసిపోయే రకం కూడా కాదు. బొడ్డు కోసి, తుడిచి, గుడ్డలో చుట్టి, అమ్మమ్మ చేతిలో పెట్టి, చేతులు కడుక్కునేది. కాన్పంటే ఆమెకు పని. ఇంజను చూసి ఫిట్టరు నోరు తెరుస్తాడా?

అటువంటి మనిషికి యాభయ్యో ఏట ఒక వింత జరిగింది.

యాభై ఎనిమిది చలికాలంలో సముద్రపు పల్లెల్లో కోరింత దగ్గు పట్టుకుంది. పిల్లలు దగ్గీ దగ్గీ నీలంగా మారిపోతున్నారని కబురొస్తే మగ్దలీనమ్మ మందుసంచి తీసుకుని జువ్వలదిన్నె వెళ్ళింది. అక్కడ మాలకొండమ్మ ఇంట్లో ఆమె మనవరాలు నాగులమ్మ, రెండేళ్ళ పిల్ల, దగ్గు తెరలో ఊపిరాడక కొట్టుకుంటోంది. మాలకొండమ్మ రోజూ గంపలో చేపలు పెట్టుకుని బిట్రగుంట వచ్చి అమ్ముకునే మనిషి. కాలనీలో ఆమె కేక వినపడితే పొద్దు ఎంతైందో చెప్పెయ్యొచ్చు. మగ్దలీనమ్మ పిల్లను ఒళ్ళోకి తీసుకుని చూస్తే మెడలో నల్లతాడు, తాడుకు వేలాడుతూ ఎండిన పుల్లలాంటిది ఏదో ఉంది. గుర్రం తల, మెలి తిరిగిన తోక.

"ఇదేంది? ఎవరు చెక్కినారు ఈ బొమ్మని?" అనడిగింది మగ్దలీనమ్మ.

"బొమ్మ కాదు నర్సమ్మా, గుర్రంచేప. ఎండబెట్టి కడితే దగ్గు తగ్గతాది. మా అత్తకాడ్నించీ వస్తా ఉండాది ఈ వైద్యం."

"చేపా ఇది? నన్ను ఎర్రిదాన్ని చెయ్యబాక."

"నా బిడ్డ మీద ఒట్టు. ఉప్పుటేట్లో గడ్డిలో ఉంటాయి. నిలబడి ఈదతాయి, మనిషి మాదిరి."

మగ్దలీనమ్మ ఆ మాట నమ్మలేదు. మందు పట్టించి, తాడు తెంపబోయి, మాలకొండమ్మ మొహం చూసి ఆగిపోయింది. నెల తిరిగేసరికి నాగులమ్మకు దగ్గు తగ్గింది. మందు వల్లనని నర్సమ్మ, గుర్రం వల్లనని నాయనమ్మ, ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

ఆ తర్వాత మాఘమాసంలో అదే పల్లెలో ఒక కాన్పుకు వెళ్ళింది. పని ముగిసేసరికి తెల్లవారింది. ఉప్పుటేటి గట్టు మీద నడిచి వస్తుంటే మాలకొండమ్మ కొడుకు చిన్నపోలయ్య, మరో ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలో వల లాగుతున్నారు. గట్టు మీద రొయ్యలు ఏరుతున్న మాలకొండమ్మ ఆమెను చూసి, "రాండి నర్సమ్మా, ఒట్టేసినానే, చూద్దురు రాండి" అని ఇత్తడి చెంబు పట్టుకొచ్చింది.

చెంబులో నీళ్ళు. నీళ్ళలో ఒక గడ్డిపోచ. గడ్డిపోచకు తోక చుట్టుకుని నిలబడి ఉంది గుర్రంచేప.

బొటనవేలంత ఉంది. లేత ఆకుపచ్చగా ఉంది గనక గడ్డి ఎక్కడో చేప ఎక్కడో కాసేపటికి గానీ తెలియలేదు. చిన్న గుర్రం మొహం, దాని మీద చిన్న కిరీటం. వీపు మీద రెక్క కనపడీ కనపడకుండా వణుకుతోంది, ఎండలో గాలి వణికినట్టు. ఒక కన్ను తిప్పి మగ్దలీనమ్మను చూసింది. రెండో కన్ను మాత్రం తిప్పలేదు. దానితో అటు పక్క గడ్డిని చూస్తోంది.

మగ్దలీనమ్మ చెంబు మీదకు వంగింది. రాత్రంతా మెలకువతో ఉన్న కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. దేవుడు ఆరు రోజులు కష్టపడి అన్నీ చేసి, చివర్న చేతిలో మిగిలిన ముక్కలు చూసుకుని, పారెయ్యబుద్ధి కాక ఇది చేసి ఉంటాడనిపించింది. లేకపోతే ఇదే మొదట చేసి, దీన్ని చూసుకున్న సంతోషంలో మిగతావన్నీ చేశాడేమో.

"దీన్ని నాకు అమ్ముతావా?" అంది.

"ఏం చేసుకుంటారు? కూరకి పనికి రాదు. అంతా ముల్లే."

"పెంచుకుంటా."

మాలకొండమ్మ నవ్వింది. వల లాగేవాళ్ళు కూడా నవ్వారు. "మేకని పెంచుతారు, కోడిని పెంచుతారు. చేపని పెంచడమేంది నర్సమ్మా? సరే, చెంబు రేపు ఇయ్యండి" అని డబ్బులు పుచ్చుకోకుండానే ఇచ్చింది.

ఆ గుర్రంచేప రెండు రోజులే బతికింది. ఏం తింటుందో మగ్దలీనమ్మకు తెలియదు. మెతుకు వేసింది, ముట్టలేదు. మూడో రోజు పొద్దున చెంబు అడుగున పక్కకు ఒరిగి ఉంది. కాన్పుల్లో ఎన్ని చావులు చూసిందో, ఎప్పుడూ ఇంటికి వచ్చి వంట మానలేదు. ఆ రోజు మాత్రం క్రీస్తుదాసు మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు.

క్రీస్తుదాసు మాట్లాడే మనిషి కాదు. షెడ్డులో ఇంజన్ల మోతకు అలవాటు పడినందువల్లనో ఏమో, ఇంట్లో పది మాటలకు ఒక మాట బదులు చెప్పేవాడు. భార్య చేసే పని గురించి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడిగి ఎరగడు. ఆడవాళ్ళ సంగతులు అని ఊరుకునేవాడు. ఆ రోజు చెంబులోకి తొంగి చూసి, పొయ్యి తనే ముట్టించి, అన్నం వండాడు.

ఆ ఏడాదే గార్డు పెరీరా దొర కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామానంతా అమ్మేశాడు. ఆయన ముగ్గురు ఆడపిల్లలూ మగ్దలీనమ్మ చేతుల మీదే పుట్టారు. ఆయనింట్లో ఎర్రచేపలు పెంచుకున్న గాజుతొట్టి ఉండేది, ఇనప చట్రంలో నాలుగు అద్దాలు బిగించి. "ఇది మాత్రం అమ్మను, మీకే" అని ఇద్దరు కూలీలతో మోయించి పంపాడు.

తొట్టి ముందు గదిలోకి వచ్చిన రోజున క్రీస్తుదాసు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఉప్పునీళ్ళు ఇనుముని తినేస్తాయి" అన్నాడు. అనడమే కాదు, ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే చొక్కా విప్పి కూర్చుని, చట్రం గీకి, తేనెమైనం కరిగించి లోపలి మూలలన్నీ పూశాడు. ఏటి ఇసుక కడిగి అడుగున పరిచి, ఏటి గడ్డి నాటారు. నీళ్ళు తేవడానికి రెండు డబ్బాలు సైకిలుకు కట్టుకుని సముద్రానికి వెళ్ళొచ్చాడు. మాలకొండమ్మ రెండు గుర్రంచేపలు తెచ్చింది. ఈసారి ధర కట్టింది, ఒక్కోటి పావలా. రెండూ సాయంత్రానికి చచ్చిపోయాయి.

మగ్దలీనమ్మ నీళ్ళు వాసన చూసింది. "ఏమండీ, ఆ డబ్బాలు దేనివి?"

"కిరసనాయిలువి. ఇసుకేసి తోమినానే." ఆయన మొహం వాడిపోయింది.

ఆ పైన డబ్బాల జోలికి పోలేదు. కొత్త కుండలు కొని, కావడి కట్టి, వారానికోసారి నీళ్ళు మోశాడు. అంత దూరం కావడి మోస్తూ వచ్చే ఫిట్టరును చూసి దార్లో జనం, "ఏ దేవుడి మొక్కు?" అని అడిగేవాళ్ళట. నీళ్ళలో గాలి ఆడకపోతే చేపలు బతకవని ఎవరో చెబితే తొట్టి మీద ఇంకో కుండ వేలాడదీసి, అడుగున సన్న బెజ్జం చేసి, నీళ్ళు చుక్కచుక్కగా పడేట్టు పెట్టాడు. పక్క క్వార్టర్సు కామాక్షయ్య అది చూసి, "క్రైస్తవుల ఇంట్లో ధారపాత్ర పెట్టినారే! ఇంక బిల్వపత్రాలు తెచ్చేదే తరువాయి" అని నవ్వాడు. కుండ నిండుకున్నప్పుడల్లా కింద నుంచి తోడి పైన పొయ్యాలి. ఎండకు నీళ్ళు ఇగిరి ఉప్పు పెరగకుండా గాజు మీద కాగితం ముక్క అంటించి, గీత కిందకు దిగితే ఆ మేరకు బావినీళ్ళు పొయ్యాలి. ఇన్ని తిప్పలూ ఇద్దరూ పోటీలు పడి చేశారు.

తిండి సంగతి మాలకొండమ్మే తేల్చింది. "అవి కదిలేదే తింటాయి నర్సమ్మా. చచ్చినదాని వంక చూడవు" అంది. మగ్దలీనమ్మ బిడ్డల్ని చుట్టే పల్చటి మల్లుగుడ్డ ఒక గజం ఇచ్చింది. ఆ గుడ్డను ఏట్లో గడ్డి పక్కన నాలుగడుగులు లాగితే ఆవగింజలో సగం లేని నీటిపురుగులు తెల్లగా పడేవి. రోజూ చేపల గంపతో పాటు మూత చెంబులో ఆ పురుగులు కూడా బిట్రగుంట వచ్చేవి. చెంబు తొట్టిలో ఒంపగానే గుర్రంచేపలు మెడలు వంచి, ఒక్కో పురుగునూ ఒంటికంట గురి చూసి, టిక్కుమని పీల్చేవి. చెవి గాజుకు ఆనిస్తే ఆ టిక్కు వినపడేది. మొదటిసారి విన్న రోజు మగ్దలీనమ్మ వీధిలోకి వెళ్ళి కామాక్షయ్య భార్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వినిపించింది.

అలా అరవయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో కొన్న జత నిలబడింది. అందులో ఒకదానికి పెద్ద పొట్ట. దానికి ఎలిశబెతు అని పేరు పెట్టింది. ఎలిశబెతు ఆమె మేనత్త. పొట్ట ముందుకు వేసుకుని, మెల్లగా, రాణి మాదిరి నడిచి చర్చికి వచ్చేది. రెండోది సన్నగా, నిటారుగా, చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే జీవానందం గారిలా ఉంది కాబట్టి దాన్ని జీవానందం అంది. జీవానందం గారికి ఈ సంగతి తెలిసి ఒక నెల ఆమెతో మాట్లాడలేదు.

తెల్లవారుతూనే ఆ రెండూ చేసే పని ఒకటుండేది. జీవానందం తన మూల నుంచి బయల్దేరి ఎలిశబెతు దగ్గరికి వచ్చేది. రెండూ తోకలు పెనవేసుకునేవి. ఒకే గడ్డిపోచ చుట్టూ కోలాటం వేసినట్టు మెల్లగా తిరిగేవి. తిరుగుతూ రంగు మారేవి. ఆకుపచ్చ కాస్తా పసుపు అయ్యి, పసుపు కాస్తా పాలరంగు అయ్యేది. పావుగంట తర్వాత తోకలు విడదీసుకుని ఎవరి మూలకు వాళ్ళు వెళ్ళిపోయేవి. ఒక్క రోజు తప్పేది కాదు. మగ్దలీనమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని పీట మీద కూర్చునేది. కాఫీ చల్లారిపోయేది.

మార్చిలో కావలి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే పద్మనాభయ్య గారు రైలు కోసం బిట్రగుంట వచ్చి, ఈ వింత విని, చూడ్డానికి వచ్చాడు. ఆయన భార్య రెండు కాన్పులూ మగ్దలీనమ్మే చేసింది. ఆయన కళ్ళజోడు పైకి ఎత్తి, గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఎలిశబెతుకి నెలలు నిండినాయి సార్. ఇంక వారమో పది రోజులో" అంది మగ్దలీనమ్మ.

పద్మనాభయ్య గారు ఇబ్బందిగా దగ్గాడు. "అమ్మా, ఒక మాట. ఆ పొట్ట ఉన్నది మగది."

"ఏంది సార్?"

"వీటిలో మోసేది మగదే. ఆడది గుడ్లు దాని సంచిలో పెడుతుంది. కనేది కూడా మగదే. నేను పుస్తకాల్లో చదివి పిల్లలకు చెప్పడమే గానీ కళ్ళతో చూడలేదు."

మగ్దలీనమ్మ పకపకా నవ్వింది. "ముప్పై ఏళ్ళ నుంచి కాన్పులు చేస్తా ఉండా. కడుపుతో ఉన్నదాన్ని చూస్తే నాకు తెలియదా సార్? పుస్తకం అచ్చేసినోడు ఎప్పుడన్నా పురుడు పోసినాడా?"

ఆయన వాదించలేదు. "పుట్టినప్పుడు నాకు కార్డు ముక్క రాయండి" అని చెప్పి రైలుకు వెళ్ళిపోయాడు. క్రీస్తుదాసు మాత్రం ఆ రోజంతా తొట్టి వంక అదోలా చూస్తూ గడిపాడు.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున మగ్దలీనమ్మ పీట మీద కూర్చుని ఉండగా ఎలిశబెతు నాట్యానికి కదలలేదు. గడ్డిపోచను తోకతో బిగించి పట్టుకుంది. ఒళ్ళు ముందుకు వంచింది, వెనక్కి విరిచింది. మళ్ళీ వంచింది. ఆ వంపు చూడగానే మగ్దలీనమ్మ లేచి నిలబడింది. అది ఆమెకు తెలిసిన వంపు. బోగోలు గుడిసెల్లో, కాలనీ క్వార్టర్సుల్లో, బండి మీద, గడ్డివాము పక్కన, వందలసార్లు చూసిన వంపు.

"ఏమండీ! లెయ్యండి! నొప్పులొచ్చినాయి!"

క్రీస్తుదాసు పంచె సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో, విన్న ప్రతిసారీ అటు తిరిగి పడుకున్నాడు. ఈసారి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

ఎలిశబెతు మళ్ళీ విరుచుకుంది. పొట్ట మీది సంచి నోరు తెరుచుకుంది. అందులోంచి ఒక చుక్క ఎగిరిపడింది. చుక్క కాదు, అది కూడా గుర్రమే. బియ్యపు గింజ అంత. తల ఉంది, తోక ఉంది, నిటారుగా నిలబడి ఉంది. తల్లి ఒడి లేదు, పాలు లేవు, ఏడుపు లేదు. పుట్టగానే నీళ్ళలో నిలబడింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత రెండు. ఆ తర్వాత గుప్పెడు అటుకులు చల్లినట్టు ఒక్కసారిగా పది పన్నెండు. ఎలిశబెతు ఆగి, ఊపిరి తీసుకున్నట్టు దవడలు ఆడించి, మళ్ళీ వంగింది.

మగ్దలీనమ్మ చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి. గాజు తగిలి ఆగిపోయాయి. చెయ్యడానికి ఏమీ లేదు. బొడ్డు కొయ్యక్కర్లేదు. వేడినీళ్ళు పెట్టక్కర్లేదు. పక్కనెవరూ ఏడవడం లేదు. ఆమె ఎన్ని కాన్పులు చేసినా ఒక్కటీ చూడలేదు. తల అడ్డం తిరిగిందా, నెత్తురు ఎక్కువ పోతోందా, మావి దిగిందా అనే చూసింది. ఒక ప్రాణి లోంచి ఇంకో ప్రాణి రావడం అన్నది, వట్టిగా కూర్చుని, చేతులు ఖాళీగా పెట్టుకుని చూడటం అదే మొదలు. ఆమె పీట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిటికీలోంచి ఎండ తొట్టిలోకి దిగింది. నీళ్ళనిండా గింజలంత గుర్రాలు, ఎండలో అద్దంలా మెరుస్తూ, ఎటు పోవాలో తెలియక నిలబడి ఉన్నాయి. రెండు పిల్లలు ఒకదానికొకటి తగిలి తోకలు మెలేసుకున్నాయి. అవి వదలకముందే మూడోది వచ్చి వాటి తోకలు పట్టుకుంది.

క్రీస్తుదాసు అడిగాడు. "మగ్దలీనా, ఎప్పుడూ ఇట్నే ఉంటాదా?"

"ఏంది?"

"అదే. నువ్వు పొయ్యేకాడ. ఆడవాళ్ళకి."

ఆమె భర్త వంక తిరిగి చూసింది. "ఇంత సులువుగా ఉండదు" అంది. మళ్ళీ తొట్టి వంక చూసి, "కానీ ఇట్నే ఉంటాది" అంది.

మూడో రోజు పొద్దున రెండో సంగతి జరిగింది. ఎలిశబెతు పొట్ట ఖాళీ అయ్యి, చర్మం వేలాడుతోంది. జీవానందం వచ్చింది. తోకలు పెనవేసుకున్నాయి. రెండూ గడ్డి వదిలేసి, ఎదురెదురుగా, పొట్టకు పొట్ట ఆనించి మెల్లగా నీళ్ళపైకి లేచాయి. జీవానందం పొట్ట అడుగు నుంచి చిన్న గొట్టంలాంటిది బయటికి వచ్చింది. దాన్ని ఎలిశబెతు సంచి నోట్లో పెట్టింది. నారింజరంగు గుడ్లు ఒక్కొక్కటిగా అందులోంచి ఇందులోకి జారాయి. గాజు మీద ముక్కు ఆనించి చూస్తున్న మగ్దలీనమ్మకు గుడ్లు ఎవరివో, సంచి ఎవరిదో స్పష్టంగా కనపడింది. జత విడిపోయేసరికి జీవానందం సన్నబడింది, ఎలిశబెతు పొట్ట నిండింది.

"అయ్యో దేవుడా, పద్మనాభయ్య గారు చెప్పిందే నిజం" అంది పైకి. "మోసింది నాయనే. కన్నదీ నాయనే."

క్రీస్తుదాసు వెనక నిలబడి ఉన్నాడు. ఆమె తిరిగి చూసేసరికి ఆయన కళ్ళు తొట్టి మీద లేవు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మన బిడ్డ చెవులు నీ చెవుల మాదిరి ఉండినాయి" అన్నాడు.

ముప్పై రెండులో వాళ్ళకు ఒక మగబిడ్డ పుట్టాడు. పుట్టేటప్పటికే ప్రాణం లేదు. మగ్దలీనమ్మకు కాన్పుతో పాటు జ్వరం కమ్మి నాలుగు రోజులు ఒళ్ళు తెలియలేదు. తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. బిడ్డ మొహం ఆమె చూడలేదు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు.

మగ్దలీనమ్మ చెయ్యి తన చెవి మీదకు పోయింది. "ఇంకా?" అంది.

"తల నిండా జుట్టు. ఎడమ చెయ్యి పిడికిలి మూసుకుని ఉండినాడు. శ్మశానం దాకా నేనే ఎత్తుకుపోయినా. పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. చేతుల్లోనే పట్టుకుని నడిచినా. ఎండ తగలకుండా కండవా కప్పినా." ఆయన రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. "బరువుగా ఉండినాడు మగ్దలీనా. మంచి బిడ్డ."

ఆ రోజు ఆమె ఎన్నో అడిగింది. పెదవులు ఎట్టా ఉన్నాయి, రంగు ఎవరి రంగు, ఏ గుడ్డలో చుట్టినారు. ఆయన అన్నిటికీ బదులు చెప్పాడు. మాలకొండమ్మ చేపలని కేకేస్తూ వచ్చి, తలుపు దగ్గర నిలబడి, లోపల ఇద్దరినీ చూసి, పురుగుల చెంబు గుమ్మంలో పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

గుర్రంపిల్లలు మొత్తం అరవైకి పైనే పుట్టాయి గానీ వారానికి సగం పోయాయి. మల్లుగుడ్డకు చిక్కే పురుగులు వాటి నోటికి పెద్దవయ్యాయి. రెండు పొరలుగా గుడ్డ మడిచి వడగట్టి, అడుగున మిగిలిన దుమ్ములాంటి పురుగులు వేస్తే కొన్ని బతికాయి. చివరికి పదకొండు నిలిచాయి. పెద్దవి పిల్లల్ని పట్టించుకోలేదు, వాటి దారి వాటిదే. మగ్దలీనమ్మ కార్డు ముక్క రాసింది. "సార్, తమరు చెప్పిందే నిజం. పేర్లు మాత్రం మార్చను, అలవాటైపోయినాయి." పద్మనాభయ్య గారు కాలేజీ పిల్లల్ని రెండు జట్లుగా తీసుకొచ్చాడు. ఆయన ఒక కాన్పును కళ్ళారా చూసేసరికి జూన్ అయింది. మూడో కాన్పు అది. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్ళు ఏం చెప్పానమ్మా పిల్లలకు? ఏమీ చెప్పలేదు" అన్నాడు.

కాలనీలో కడుపుతో ఉన్నవాళ్ళు తొట్టి చూస్తే కాన్పు సుఖంగా అవుతుందని ఎవరో పుట్టించారు. బోగోలు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. మగ్దలీనమ్మ అవుననలేదు, కాదనలేదు. కానీ వచ్చినవాళ్ళ మొగుళ్ళు వీధిలో బీడీ కాలుస్తూ నిలబడితే లోపలికి పిలిచి, "ముందు నువ్వు చూడు నాయనా" అనేది.

అప్పట్నించి ఆమె పనిలో ఒక్కటి మారింది. బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, తలుపు తీసి, బయట నిలబడ్డ తండ్రిని పిలిచి అతని చేతుల్లో పెట్టేది. అమ్మమ్మలు గొణిగారు. నాయనమ్మలు తిట్టారు. కొందరు మగవాళ్ళు భయపడి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆమె మాత్రం చేతులు పట్టుకుని ముందుకు లాగి, బిడ్డ తల కింద అరచెయ్యి ఎలా పెట్టాలో చూపించి, అప్పుడు వదిలేది. తర్వాత పక్కకు తప్పుకుని, పని అయిపోయినా వెళ్ళకుండా, ఆ మొహాలు చూస్తూ నిలబడేది. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయేది.

అరవై మూడు ఎండాకాలంలో తొట్టి నీళ్ళు వేడెక్కి ఎలిశబెతు, జీవానందం రెండూ ఒకే వారంలో పోయాయి. వాటి పిల్లల పిల్లలు ఉన్నాయి. చట్రం తుప్పు పట్టినప్పుడల్లా క్రీస్తుదాసు మైనం పూశాడు. అరవై ఆరులో ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్సు ఖాళీ చేసి కావలిలో చిన్న ఇల్లు తీసుకున్నారు. అక్కడి నుంచి సముద్రపు నీళ్ళు మొయ్యడం అరవైకి దగ్గరపడ్డ మనిషికి అయ్యే పని కాదు. అందుకని వెళ్ళే ముందు ఒక ఉదయం తొమ్మిది గుర్రంచేపల్ని కుండలో పెట్టుకుని, ఇద్దరూ బండిలో జువ్వలదిన్నె వెళ్ళారు.

మాలకొండమ్మ ఉప్పుటేటి గట్టు మీద ఎదురు చూస్తోంది. క్రీస్తుదాసు పంచె ఎగ్గట్టి కుండతో నీళ్ళలో నిలబడ్డాడు. మగ్దలీనమ్మ చీర మోకాళ్ళ దాకా దోపుకుని నీళ్ళలోకి దిగింది. ఒక్కోదాన్నీ దోసిట్లో తీసి గడ్డి దగ్గర వదిలింది. వదిలిన క్షణంలో గడ్డి రంగులో కలిసిపోయేవి. ఆ తర్వాత అది చేపో గడ్డిపోచో ఎంత చూసినా తెలిసేది కాదు.

ఎనిమిది వెళ్ళిపోయాయి. తొమ్మిదోది, పొట్ట నిండుగా ఉన్న మగది, ఆమె చిటికెనవేలికి తోక చుట్టేసింది. ఆమె వేలు నీళ్ళలో పెట్టి కదలకుండా నిలబడింది. అది వదలలేదు.

"పోటు వస్తా ఉండాది నర్సమ్మా! గట్టిగా విదిలిస్తే అదే పోతాది!" అని గట్టు మీంచి కేకేసింది మాలకొండమ్మ.

"ఉండవే. దానికి తెలుసు ఎప్పుడు పోవాల్నో" అంది మగ్దలీనమ్మ.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి, చీర తడిసింది. క్రీస్తుదాసు ఖాళీ కుండ గట్టు మీద పెట్టి, మళ్ళీ దిగి వచ్చి, ఆమె పక్కన నిలబడి, వంగి నీళ్ళలోకి చూడసాగాడు.